ప్రళయకావేరి తీరం: రాతిలో నిలిచిన చరిత్ర, నీటిలో కలిసిన చరిత్ర

వ్యాససంగ్రహం

ఆంధ్రప్రదేశ్, తమిళనాడు రాష్ట్రాల సరిహద్దులో విస్తరించిన పులికాట్ సరస్సును తెలుగువారు ప్రళయకావేరి అని పిలుచుకున్నారు. దీని దక్షిణపు అంచున 17వ శతాబ్దిలో డచ్చివారు నిర్మించిన గెల్డ్రియా కోట శిథిలాలు, వారి సమాధితోట ఉన్నాయి. నేడు ఈ ప్రాంతం శిథిలాలు, కడలితీరం, వలసపక్షులు ఒకేచోట కనిపించే దర్శనీయ స్థలంగా పేరు పొందింది. సందర్శకునికి కనిపించే ఈ ఆనవాళ్లు ఎవరి చరిత్రను చెబుతున్నాయి, ఎవరి చరిత్రను చెప్పడం లేదు అనే ప్రశ్నను ఆధారంగా చేసుకుని ఈ వ్యాసం తీరప్రాంతపు వర్తకాన్ని, బానిసల ఎగుమతిని, భర్తృహరి సుభాషితాల డచ్చి అనువాదాన్ని, సరస్సుపై ఆధారపడిన జనజీవనాన్ని పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ప్రళయకావేరి, పులికాట్, గెల్డ్రియా కోట, డచ్చి ఈస్టిండియా కంపెనీ, బానిస వ్యాపారం, భర్తృహరి, యానాదులు, పాడు పద్ధతి.

1. ఉపోద్ఘాతం

వలసపాలన నాటి కట్టడాలు శిథిలమైన తర్వాత రెండు రకాలుగా జీవిస్తాయి. ఒకటి పురావస్తు శాఖ పరిరక్షణలో ఉన్న స్మారక చిహ్నంగా. రెండవది సందర్శకుల కుతూహలానికి విషయంగా. ఈ రెండింటిలోనూ కట్టడాన్ని కట్టించినవారి పేరే ముందుకు వస్తుంది. ఆ కట్టడానికి అవసరమైన ధనం ఏ సరుకునుండి వచ్చింది, ఆ సరుకును ఎవరు తయారు చేశారు, కొన్ని సందర్భాల్లో ఆ సరుకు ఎవరు అనే ప్రశ్నలు శిలాఫలకాలపై ఉండవు.

తెలుగు సీమలో డచ్చివారి జాడలు తక్కువేమీ కావు. మచిలీపట్నం, నిజాంపట్నం, పాలకొల్లు, ద్రాక్షారామం, కాకినాడ చేరువలోని జగన్నాథపురం, భీమునిపట్నం వారి వర్తకస్థానాలు. మచిలీపట్నంలోని వలందపాలెం అనే పేరు హాలెండు దేశస్థులను తెలుగువారు 'వలందులు', 'ఒలాందులు' అని పిలిచిన కాలాన్ని ఇప్పటికీ గుర్తు చేస్తుంది. అదే ఊరిలోని పరాసుపేట ఫ్రెంచివారిని, ఇంగ్లీషుపాలెం ఆంగ్లేయులను గుర్తు చేసినట్లే ఇదీ. అయితే ఈ స్థావరాలన్నింటికీ చాలాకాలం పాలనాకేంద్రంగా ఉన్నది ప్రళయకావేరి ఒడ్డున ఉన్న పులికాట్ పట్టణం. అందువల్ల పులికాట్ చరిత్ర ఒక్క తమిళ తీరానికి చెందినది కాదు. కోస్తాంధ్ర వర్తక చరిత్రలో కూడా అది ఒక ముఖ్య భాగం.

2. సరస్సు: స్వరూపం, పేర్లు

భారతదేశంలోని ఉప్పునీటి సరస్సుల్లో చిల్కా తర్వాత పులికాట్ రెండవది. సరస్సులో అధికభాగం ఆంధ్రప్రదేశ్‌లో, దక్షిణపు కొస తమిళనాడులో ఉన్నాయి. బంగాళాఖాతానికీ సరస్సుకూ నడుమ శ్రీహరికోట దీవి పొడవైన ఇసుక కట్టలా నిలిచి ఉంది. కాళంగి, ఆరణి నదులు మంచినీటిని తెస్తాయి; పులికాట్ పట్టణం వద్ద, ఉత్తరాన రాయదొరువు వద్ద ఉన్న ముఖద్వారాల గుండా సముద్రపు నీరు లోపలికి వస్తుంది. ఈ రెండు నీళ్ల కలయికలో రుతువును బట్టి ఉప్పదనం మారుతూ ఉంటుంది. వానకాలంలో నిండుగా కనిపించే సరస్సు ఎండకాలంలో చాలామేర బురదనేలగా, ఉప్పుపర్రగా మారుతుంది. ముఖద్వారం ఇసుకతో పూడుకుపోతే చేపలూ రొయ్యలూ లోనికి రావు. కనుక ఇక్కడి జీవనమంతా ఆ ఇసుక దారి తెరచి ఉండటంపై ఆధారపడి ఉంది.

ఈ పట్టణాన్ని తమిళులు పళవేర్కాడు అంటారు. ఐరోపావారి నోట అది పలియాకట్టాగా, పులికాట్‌గా మారింది. ఆ పేరు అక్కడితో ఆగలేదు. మలయ్ భాషలో గళ్ల లుంగీ బట్టకు 'కైన్ పెలెకాట్' అనే పేరు ఉంది. అది పులికాట్ పేరునుండి వచ్చినదే. ఒక రేవు పేరు సముద్రం దాటి బట్ట పేరుగా స్థిరపడటం ఆ రేవు వర్తక విస్తృతికి భాషాపరమైన సాక్ష్యం. తెలుగు పేరు ప్రళయకావేరి మాత్రం వర్తకాన్ని కాక నీటిని గుర్తు చేస్తుంది. బట్టను కొన్నవారికి ఇది పులికాట్. ఆ నీటిపై బతికినవారికి ప్రళయకావేరి. ఈ వ్యాసం పరిశీలించే రెండు చరిత్రలూ ఈ రెండు పేర్లలోనే ఉన్నాయి.

3. ఒలాందుల రాక, గెల్డ్రియా కోట

డచ్చివారికంటే ముందే ఈ రేవులో అరబ్బు సంతతి ముస్లిం వర్తకులు, చెట్లు, పోర్చుగీసువారు ఉన్నారు. విజయనగర సామ్రాజ్యానికి ఇది ముఖ్యమైన సముద్రద్వారం. 1602లో ఏర్పడిన డచ్చి ఈస్టిండియా కంపెనీ ముందుగా మచిలీపట్నం, నిజాంపట్నాల్లో వర్తకం ప్రారంభించి, 1610లో విజయనగర ప్రభువు రెండవ వేంకటపతిరాయల అనుమతితో పులికాట్‌లో స్థిరపడింది. శాంథోమ్‌లోని పోర్చుగీసువారు 1612లో ఆ వర్తకశాలపై దాడిచేసి ధ్వంసం చేశారు. ఆ అనుభవం తర్వాత 1613లో కోట సిద్ధమైంది. అప్పటి డచ్చి అధికారి వెమ్మర్ వాన్ బెర్కెమ్ స్వస్థలమైన గెల్డర్‌లాండ్ పేరు మీదుగా దానికి గెల్డ్రియా అని నామకరణం చేశారు.

అనుమతి ఇచ్చిన విజయనగర రాజ్యం అప్పటికే క్షీణదశలో ఉంది. 1614లో వేంకటపతిరాయల మరణానంతరం చెలరేగిన వారసత్వ యుద్ధంతో చంద్రగిరి పరిసరాలు కల్లోలితమయ్యాయి. రాజ్యం బలహీనపడినకొద్దీ కోట బలపడింది. అక్కడ తుపాకి మందు తయారైంది. బంగారు వరహాలు ముద్రితమయ్యాయి. కోరమాండల్ తీరంలోని డచ్చి స్థావరాలకు పాలకుడైన అధికారి అక్కడే నివసించాడు. 1690లో పాలనాకేంద్రం నాగపట్నానికి తరలింది. 1781లో నాగపట్నం ఆంగ్లేయుల వశమైన తర్వాత మళ్లీ పులికాట్‌కు ఆ హోదా దక్కినా పూర్వవైభవం రాలేదు. 1795లో ఆంగ్లేయులు దీన్ని ఆక్రమించారు. కొంతకాలానికి తిరిగి అప్పగించినా, 1824 నాటి ఆంగ్ల డచ్చి ఒడంబడిక ప్రకారం 1825లో శాశ్వతంగా స్వాధీనం చేసుకున్నారు. నేడు ఆ కోట ముళ్లపొదలు కమ్మిన దిబ్బగా, కందకపు గుంటగా మాత్రమే మిగిలింది.

4. వస్త్రం, వర్తకుడు, నేతగాడు

డచ్చివారి అసలు లక్ష్యం మిరియాలు, జాజికాయ, లవంగం. అవి దొరికే ఇండోనేషియా దీవుల ప్రజలు వాటికి బదులుగా కోరినది వెండి కాదు, కోరమాండల్ బట్ట. అందుకే ఈ తీరాన్ని సుగంధద్రవ్యాల దీవులకు ఎడమచేయిగా డచ్చి అధికారులు అభివర్ణించారు. తీరం లేకుంటే దీవుల వర్తకం సాగదని దీని భావం.

ఈ వర్తకం స్థానిక వర్తకులు లేకుండా జరగలేదు. 17వ శతాబ్ది పూర్వార్ధంలో పులికాట్‌లో డచ్చివారికి వస్త్రాలు సమకూర్చినవారిలో బలిజ వర్తకులైన అచ్యుతప్ప శెట్టి, అతని సోదరుడు చిన్నన్న శెట్టి అగ్రగణ్యులు. డచ్చి పత్రాల్లో మలయ అనే పేరుతో అచ్యుతప్ప కనిపిస్తాడు. వీరు కేవలం దళారులు కారు. సొంత ఓడలు నడిపారు, పన్నుల వసూలు హక్కులను గుత్తకు తీసుకున్నారు, చంద్రగిరి రాజకీయాల్లో జోక్యం చేసుకున్నారు. కనుక వలసవర్తకాన్ని విదేశీయుడు, స్వదేశీయుడు అనే సరళమైన విభజనతో అర్థం చేసుకోలేము.

ఈ వ్యవస్థకు అడుగున ఉన్నవాడు నేతగాడు. కంపెనీ వర్తకునికి, వర్తకుడు నేతగానికి ముందుగా బయానా ఇచ్చేవారు. ఆ సొమ్ముతో నూలు కొని, నేసి, నిర్ణీత కాలంలో బట్ట అప్పగించాలి. బట్ట నాసిరకమని తిరస్కరిస్తే నష్టం క్రిందికే జారేది. నూలు ధర, బియ్యం ధర పెరిగినా అంతే. నిజాంపట్నం ప్రాంతపు చిరివేరు ఇచ్చే ఎరుపురంగును డచ్చి పత్రాలు ఎంతో మెచ్చుకున్నాయి. ఆ రంగు అద్దిన చేతుల పేర్లు మాత్రం వాటిలో అరుదు. వర్తకుని పేరు లెక్కల పుస్తకంలో మిగిలింది, నేతగాని పని బట్టలో మిగిలింది. ఆ బట్ట కూడా చిరిగిపోయే వస్తువు.

5. సరుకుగా మారిన మనుషులు

బట్టలతోపాటు ఈ తీరంనుండి మనుషులు కూడా ఎగుమతి అయ్యారు. 1619లో బటావియా నగరాన్ని స్థాపించిన డచ్చివారికి కూలీలు, పనివారు, సేవకులు కావలసివచ్చారు. 1621లో బందా దీవులను ఆక్రమించి అక్కడి ప్రజలను దాదాపు నిర్మూలించిన తర్వాత, జాజికాయ తోటల్లో పనిచేయించడానికి బానిసల అవసరం మరింత పెరిగింది. పులికాట్ వంటి కోరమాండల్ రేవులు ఈ అవసరాన్ని తీర్చిన మార్గాల్లో ఒకటి.

ఈ ఎగుమతి ప్రతి సంవత్సరం ఒకే తీరుగా సాగలేదు. కరవు, యుద్ధం వచ్చినప్పుడు ఉప్పెనలా పెరిగి, పంటలు పండిన ఏడు తగ్గిపోయేది. 1646-47 కరవులో తీరప్రాంతం తీవ్రంగా దెబ్బతిన్నది. 1659-61 మధ్య బీజాపూర్ సైన్యాల దాడులతో, కరవుతో తంజావూరు ప్రాంతం ఛిన్నాభిన్నమైనప్పుడు డచ్చివారు దక్షిణ కోరమాండల్ నుండి సింహళం, బటావియా, మలక్కాలకు దాదాపు 8,000 నుండి 10,000 మందిని తరలించారని చరిత్రకారుల అంచనా. ఆకలికి తాళలేక పిల్లలను అమ్ముకున్నవారు, తమను తామే అమ్ముకున్నవారు, అపహరణకు గురైనవారు అందులో ఉన్నారు.

ఇక్కడ గమనించదగిన అంశం ఒకటి ఉంది. కరవు బానిసలను సృష్టించలేదు. కరవు మనిషిని నిస్సహాయుని చేసింది. ఆ నిస్సహాయతకు ధర కట్టి కొనేందుకు ఓడ సిద్ధంగా ఉన్నందువల్ల అతడు బానిస అయ్యాడు. పంట పోవడం ప్రకృతి చర్య కావచ్చు. కొనుగోలు మాత్రం లెక్కల పుస్తకంలో నమోదైన వ్యాపార నిర్ణయం. దానికి స్థానిక దళారులు సహకరించారు.

కొనుగోలు అయినవారి పేర్లు కూడా మారిపోయాయి. 1652లో డచ్చివారు స్థావరం ఏర్పరచిన దక్షిణాఫ్రికాలోని కేప్ ప్రాంతపు పత్రాల్లో బానిసలకు ఒక కొత్త పేరు, దాని వెంట వచ్చిన తీరం పేరు కనిపిస్తాయి. 'కోరమాండల్‌కు చెందిన', 'బెంగాల్‌కు చెందిన', 'మలబారుకు చెందిన' అనే విశేషణాలే వారి ఇంటిపేర్లు. ఊరు, కులం, తల్లిదండ్రుల పేరు, మాతృభాష అన్నీ పోయి ఓడ ఎక్కిన తీరం ఒక్కటే మిగిలింది. వారిలో తెలుగు మాట్లాడినవారిని వేరుచేసి గుర్తించే వీలును కూడా ఆ పత్రాలు మిగల్చలేదు.

6. పద్మనాభుడు, రోజీరియస్, భర్తృహరి

ఇదే కాలంలో, ఇదే పట్టణంలో ఒక సాహిత్య ఘటన జరిగింది. అబ్రహాం రోజీరియస్ అనే డచ్చి క్రైస్తవ బోధకుడు 1632 నుండి 1642 వరకు పులికాట్‌లో నివసించాడు. పద్మనాభుడనే స్మార్త బ్రాహ్మణుడు అతనికి ఇక్కడి ఆచారాలు, విశ్వాసాలు, గ్రంథాలను పోర్చుగీసు భాషలో వివరించాడు. రోజీరియస్‌కు సంస్కృతం రాదు. వారిద్దరి మధ్య వారధి మూడవ దేశపు భాష. ఆ సంభాషణల ఫలితంగా సిద్ధమైన గ్రంథం, గ్రంథకర్త మరణానంతరం, 1651లో లైడెన్ నగరంలో ప్రచురితమైంది. గుప్తంగా ఉన్న అన్యమతానికి తెరచిన తలుపు అని ఆ పేరుకు అర్థం. తర్వాత అది జర్మన్, ఫ్రెంచి భాషల్లోకి కూడా వెళ్లింది.

ఆ గ్రంథంలో భర్తృహరి నీతి, వైరాగ్య సుభాషితాల అనువాదం ఉంది. సంస్కృత కావ్యం ఐరోపా భాషలో అచ్చుకెక్కడం ఇదే మొదలు. చార్లెస్ విల్కిన్స్ భగవద్గీత ఆంగ్లానువాదం 1785లో వెలువడింది. అంటే పులికాట్ భర్తృహరి దానికి 134 సంవత్సరాలు ముందువాడు. శృంగార శతకం మాత్రం అందులో చోటు చేసుకోలేదు.

తెలుగు సాహిత్య విద్యార్థికి ఈ విషయం మరొక కారణంచేత ముఖ్యం. ఎలకూచి బాలసరస్వతి 17వ శతాబ్దిలోనే భర్తృహరిని తెలుగు చేసి సురభి మల్లభూపాలునికి అంకితమిచ్చాడు. తర్వాత పుష్పగిరి తిమ్మన, ఏనుగు లక్ష్మణకవి అనువదించారు. ఒకే శతాబ్దిలో భర్తృహరి జటప్రోలు సంస్థానంలో తెలుగు పద్యంగా, పులికాట్ రేవులో డచ్చి వచనంగా మారాడు. మొదటిది రాజాశ్రయంలో పండితుడు చేసిన పని. రెండవది కోటనీడలో ఇద్దరు పరాయివారు ఒకరి మాట ఒకరు అందుకోవడానికి చేసిన ప్రయత్నం. మన అనువాద చరిత్రల్లో మొదటిదానికి లభించిన స్థానంలో కొంతైనా రెండవదానికి దక్కవలసి ఉంది.

ఈ ఘటనను కేవలం సాంస్కృతిక సమాగమంగా మెచ్చుకొని ఊరుకోవడం సరికాదు. పరహితమే సజ్జనుల లక్షణమని, ధనాశ తగదని చెప్పే సుభాషితాలు డచ్చి పాఠకులకు అందిన 1651కి, దక్షిణ కోరమాండల్ నుండి వేలమందిని బానిసలుగా ఓడలెక్కించిన 1659కి నడుమ వ్యవధి ఎనిమిదేళ్లే. గ్రంథం వెళ్లినది, మనుషులు వెళ్లినది ఒకే కంపెనీ ఓడల్లో. జ్ఞానసేకరణ, మానవ విక్రయం పరస్పరం విరుద్ధమైనవిగా ఆ వ్యవస్థకు కనిపించలేదు. పులికాట్ చరిత్ర బోధించే పాఠాల్లో ఇది చాలా కఠినమైనది.

7. సమాధితోట

కోట కూలినా సమాధితోట నిలిచింది. భారత పురావస్తు సర్వేక్షణ శాఖ పరిరక్షణలో ఉన్న ఈ స్థలం ప్రవేశద్వారం వద్ద రాతిలో చెక్కిన అస్థిపంజరాలు కనిపిస్తాయి. ఇసుక గడియారం, పుర్రె వంటి గుర్తులు ఆ కాలపు ఐరోపా సమాధిశిల్పంలో ఆయువు క్షణభంగురమని సూచించే సంకేతాలు. లోపల వంశచిహ్నాలు, పూలతీగలు, డచ్చి అక్షరాలు చెక్కిన నల్లరాతి పలకలు, గుమ్మటాలు, స్తంభాకారపు కట్టడాలు ఉన్నాయి. అధికారులు, వర్తకులు, వారి భార్యలు, పసిపిల్లలు అక్కడ నిద్రిస్తున్నారు. స్వదేశానికి ఎంతో దూరంలో, అలవాటులేని వాతావరణంలో, జ్వరాలకు బలైన ఆ పిల్లల పేర్లు చదివినప్పుడు కలిగే విచారం సహజమైనదే. దాన్ని తక్కువ చేయవలసిన పనిలేదు.

అయితే ఆ పలకలు చెప్పే వైరాగ్యానికి ఒక హద్దు ఉంది. మరణం అందరికీ సమానమని అస్థిపంజరం చెబుతుంది. కానీ మరణం తర్వాత పేరు నిలవడం అందరికీ సమానం కాలేదని సమాధితోటే నిరూపిస్తుంది. ఇక్కడినుండి ఓడ ఎక్కినవారికి ఈ తీరాన ఒక్క రాయి లేదు. కొన్నవానికి శిలాఫలకం, అమ్ముడైనవానికి లెక్కల పుస్తకంలో ఒక అంకె. వలస శిథిలాలను చూసేటప్పుడు కనిపించే రాయితోపాటు లేని రాయిని కూడా గుర్తుంచుకోవడం చరిత్ర అధ్యయనానికి అవసరం.

8. పక్షులు, జాలర్లు, యానాదులు

సమాధితోటనుండి ఉత్తరంగా చూస్తే సరస్సు. శీతకాలంలో వేలాది ఫ్లెమింగోలు లోతులేని నీటిలో బారులు తీరుతాయి. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, బాతులు, ఉల్లంకులు వాటికి తోడు. సూళ్లూరుపేట నుండి శ్రీహరికోటకు సరస్సు మీదుగా సాగే రోడ్డుపై నిలబడితే ఇరువైపులా ఈ దృశ్యం కనబడుతుంది. దగ్గరలోని నేలపట్టు గూడబాతుల సంతానోత్పత్తి స్థానం. సముద్రం వైపు ఇసుకతీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. ఆంధ్రప్రదేశ్ పరిధిలోని సరస్సును 1976లో పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. ఏటా సూళ్లూరుపేటలో ఫ్లెమింగోల పండుగ జరుగుతుంది.

పక్షిని ఆకర్షించే లోతులేని నీరే జాలరికి కూడా జీవనాధారం. పులికాట్ పట్టణ ప్రాంతపు పట్టణవ కులస్థుల్లో 'పాడు' అనే సంప్రదాయ పద్ధతి ఉంది. రొయ్యలు దొరికే చోట్లను కుటుంబాల మధ్య వంతులవారీగా పంచుకుంటారు. ఎవరి వంతు వచ్చిననాడు వారు ఆ చోట వల కడతారు. వనరును కాపాడుకుంటూ కలహాన్ని నివారించే ఏర్పాటు ఇది. అదే సమయంలో ఇది కులం ఆధారంగా హక్కును నిర్ణయిస్తుంది కాబట్టి ఆ కులానికి వెలుపల ఉన్న చేపలవేటగాళ్లకు మంచి చోట్లు అందవు. సంప్రదాయాన్ని ఆదర్శీకరించకుండా దాని రెండు ముఖాలనూ చూడాలి.

వేటలో అందరికంటే అంచున ఉన్నవారు యానాదులు. శ్రీహరికోట అడవుల్లో తేనె, దుంపలు, మూలికలు సేకరిస్తూ, చేపలు పట్టుకుంటూ జీవించిన యానాదుల గురించి ఆంగ్లేయ అధికారులు రాసిన నివేదికలు 1835లో ఆ దీవి ప్రభుత్వ స్వాధీనమైనప్పటినుండి మొదలవుతాయి. దీవి అడవి మద్రాసు నగరానికి వంటచెరకు అయింది. తీరం వెంబడి సాగే బకింగ్‌హాం కాలువ ఆ రవాణాకు దారి. 1806లో చిన్న తవ్వకంగా మొదలైన ఈ కాలువ 1876-78 నాటి కరవులో ఆకలిగొన్న కూలీల శ్రమతో విస్తరించింది. మొదట తీరపు కరవు ఓడలకు మనుషులను ఇచ్చింది; రెండు శతాబ్దాల తర్వాత అదే కరవు కాలువకు కూలీలను ఇచ్చింది. స్వాతంత్ర్యానంతరం శ్రీహరికోట అంతరిక్ష ప్రయోగ కేంద్రమైనప్పుడు అక్కడి కుటుంబాలు దీవి విడిచి రావలసివచ్చింది. ప్రతి దశలోనూ ప్రయోజనం గొప్పదే. ఇల్లు కదిలినది మాత్రం ఒకే వర్గానిది.

ఈ జనుల జ్ఞాపకానికి రాయి లేకపోయినా మాట ఉంది. స.వెం. రమేశ్ 'ప్రళయకావేరి కథలు' సరస్సు దీవుల ప్రజల పలుకుబడిలోనే వెలువడిన కథాసంపుటి. ఇరకం, వేనాడు వంటి దీవుల జీవనానికి సంబంధించి చేపల పేర్లు, పక్షుల పేర్లు, పడవ పనుల మాటలు భద్రపరచవలసిన భాషాసంపద. డచ్చి పత్రాల్లో లేని చరిత్రను వెతికే పరిశోధకునికి ఇటువంటి సాహిత్యం, మౌఖిక కథనాలు ప్రాథమిక ఆధారాలతో సమానమైనవి.

9. ముగింపు

పై పరిశీలన ఆధారంగా కొన్ని అంశాలను నిర్ధారించవచ్చు.

1. పులికాట్ డచ్చి కేంద్రం మచిలీపట్నం నుండి భీమునిపట్నం వరకు విస్తరించిన తెలుగు తీరపు వర్తకంతో విడదీయరానిది. దాన్ని కోస్తాంధ్ర చరిత్రలో భాగంగా అధ్యయనం చేయాలి.

2. వస్త్ర వర్తకం, బానిసల ఎగుమతి, గ్రంథానువాదం ఒకే వ్యవస్థలోని భాగాలు. వీటిలో ఒకదాన్ని కీర్తించి మరొకదాన్ని విస్మరించే చరిత్ర అసంపూర్ణం.

3. భర్తృహరి డచ్చి అనువాదం తెలుగు అనువాద చరిత్రతో తులనాత్మక పరిశీలనకు అర్హమైనది.

4. సమాధితోట పరిరక్షణ ఎంత అవసరమో, సరస్సు ముఖద్వారం తెరచి ఉండటం, దీవుల పలుకుబడిని నమోదు చేయడం అంతే అవసరం. ఒకటి పోయినవారి గుర్తు. రెండవది ఉన్నవారి బతుకు.

పులికాట్‌కు వచ్చే సందర్శకుడు కోటదిబ్బను, సమాధులను, ఫ్లెమింగోలను చూసి సాయంత్రానికి తిరిగి వెళ్తాడు. ఈ మూడింటికీ మధ్య ఉన్న నీటిలో జాలరి వల వేస్తూ ఉంటాడు. ఆ నీటిమీదుగానే ఒకప్పుడు పడవలు మనుషులను ఓడలకు చేర్చాయి. ఆ రెండింటినీ కలిపి చూడగలిగినప్పుడే పులికాట్ అనే వర్తకకేంద్రంతోపాటు ప్రళయకావేరి అనే సీమ చరిత్ర కూడా వెలుగులోకి వస్తుంది.